ఎగరొద్దని ఎవరు చెప్పాలి?

మాస్టారు: 2002 మార్చి 3, ఆదివారం పొద్దున్న భీమవరంలో ఆ హెలికాప్టరు లేవకూడదండి. నేననేది అంతే. లోపల ముగ్గురు: లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు, ఆయన భద్రతాధికారి, పైలట్. హైదరాబాదు వెళ్లాలి. దారిలో మంచు కమ్మేసింది. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువును నేలనుకుని దింపబోయారు. బాగా కిందికొచ్చాక నీళ్లని తెలిసి మళ్లీ పైకి లేపబోతే రెక్క కొబ్బరి చెట్టుకు తగిలింది. ముగ్గురూ పోయారు. అప్పటి వార్తల్లో వచ్చింది ఇదే. మంచు పట్టిన పొద్దున బయల్దేరకుండా ఉంటే ఆ ముగ్గురూ బతికుండేవారు.

లాయరు: పడ్డాక వెనక్కి తిరిగి చూసి లేవకూడదనడం తేలిక మాస్టారూ. లేచిన నిమిషాన భీమవరంలో ఏం కనిపించిందో ఆ పైలట్‌కి తెలుసు, మనకి తెలీదు. అక్కడ వెలుతురుండి, కాస్త దూరం పోయాక కొల్లేటి వైపు మంచు అడ్డుపడి ఉండొచ్చు. మన డెల్టాలో మంచు తీరే అది కదండీ, అమలాపురంలో ఎండ కాస్తున్నా ముక్తేశ్వరం రేవులో గోదారి కనపడదు. ఇంకో సంగతి. ముందు దారి కనపడనప్పుడు ఏం చేయమని హెలికాప్టరు పైలట్‌కి నేర్పుతారు? ముందుకు పోవద్దు, దొరికిన చోట దింపెయ్యమని. రన్‌వే కావాల్సిన విమానానికి ఆ వెసులుబాటు లేదు. ఆయన చేయబోయింది ఆ పనే. మొండిగా పోయి కొండకు కొట్టుకున్నవారు కాదు, దిగిపోదామని చూసి పోయినవారు. ఆయన్ని బోనులో నిలబెట్టే ముందు ఈ మాట గుర్తుండాలి.

మాస్టారు: ఆయన్ని బోనులో నిలబెట్టట్లేదండి. నా బాధంతా ఆ దింపడం దగ్గరే ఉంది. దొరికిన చోట దింపమన్న పుస్తకం మన నేలను చూసి రాసింది కాదు. రాజోలు నుంచి కొత్తపేట దాకా పైనుంచి ఎలా ఉంటుందో ఊహించండి. కొబ్బరి తోటలు, వాటి మధ్య కాలవలు, కాలవ గట్ల వెంట కరెంటు తీగలు. ఖాళీగా ఉండేది వరిచేను ఒక్కటే. మార్చిలో అది దాళ్వా చేను, మడి నిండా నీళ్లు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు ఇప్పుడు చాలా చేలు రొయ్యల చెరువులైపోయాయి. కొల్లేటి చుట్టూ అయితే 2002 నాటికే ఎటు చూసినా చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి చెట్లు. మరి మంచులో పైనుంచి చూసేవాడికి చదునుగా, అడ్డేమీ లేకుండా కనపడేది ఏంటండీ? చెరువే. దిగడానికి అన్నిటికన్నా బాగుందనిపించేదీ అదే.

ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, కాస్త ఓపిక పట్టండి. రాత్రి గాలి నిలిచిపోయి, ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి పైకి పోతుంది. చల్లబడ్డ నేలను ఆనుకున్న తేమగాలి మంచవుతుంది. ఆ పొర లోతేమీ ఉండదు, ఒక్కోసారి కొబ్బరి చెట్ల తలలు దాని పైకి కనపడతాయి. పైనున్నవాడు నిట్టనిలువునా కిందికి చూస్తే ఆ కొద్దిపాటి పొరలోంచే చూస్తాడు. గట్టు తెలుస్తుంది, చెట్టు తెలుస్తుంది, ఫరవాలేదనిపిస్తుంది. దిగుతూ దిగుతూ ఆ పొరలోకి వచ్చాక చూపు అడ్డంగా పోవాలి. అప్పుడు వందల మీటర్ల మంచులోంచి చూడాలి. పైనుంచి కనపడ్డవి కిందికొచ్చేకొద్దీ మాయమైపోతాయి. గాలి లేనప్పుడు చెరువులో అల ఉండదు, అల లేని నీళ్ల మీద ఎంత ఎత్తున ఉన్నామో కంటికి అందదు. నీళ్ల మీద దిగే విమానాలు నడిపేవాళ్లకి ఇది మొదటి పాఠం. పొద్దు పొడిచింది కదా, విడిపోతుందిలే అనుకుంటాం. కానీ ఎండ తగిలిన తొలి అరగంటలో గాలి కొంచెం కదిలి మంచు ఇంకా చిక్కబడటం కద్దు. ఇన్ని మోసాల మధ్య గాల్లో ఉన్న మనిషికి మంచి దారంటూ మిగలదండి. అందుకే, తేల్చుకోవాల్సింది నేల మీదున్నప్పుడే అంటున్నా.

లాయరు: మంచు గురించి మీతో వాదించలేను. తేల్చేది ఎవరన్న దగ్గర వాదిస్తాను. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందం రెండో అనుబంధంలో ఒక నియమం ఉంది. కమాండులో ఉన్నంతసేపు ఆ విమానం విషయంలో ఆఖరి అధికారం పైలట్‌ది. లోపల కూర్చున్నది మంత్రి అయినా, యజమాని అయినా సరే. మీరు చెప్పినట్టు ఆ నిర్ణయాన్ని కిందికి తెస్తే అది ఎవరి చేతిలో పడుతుంది? కలెక్టరు, ఎస్పీ, ప్రోటోకాల్ అధికారి. వద్దనే అధికారం ఏ చేతికిస్తామో వెళ్లమనే అధికారం కూడా ఆ చేతికే పోతుంది మాస్టారూ. ఇవాళ "నాకు కనపడట్లేదండి" అన్న ఒక్క మాటతో పైలట్ ఎంతటివాణ్ణయినా ఆపగలడు. రేపు ఆ మాటంటే "పైవాళ్లు సరేనన్నారు, మధ్యలో నీకేంటి" అంటారు. పైలట్‌కి ఉన్న ఒక్క డాలునూ మీరే లాగేసుకుంటున్నారు.

మాస్టారు: ఆ డాలు ఎత్తగలిగే చోటా అది? హెలిప్యాడ్ ఎలా ఉంటుందో మీరూ చూశారు. కాలేజీ గ్రౌండుని రోడ్లు భవనాల శాఖ వాళ్లు చదును చేసి, దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టి, సున్నంతో వలయం గీసి మధ్యలో హెచ్ రాస్తారు. ఓ మూల ఫైరింజను, ఓ మూల అంబులెన్సు. తాళ్లకవతల జనం. దండలు పట్టుకున్నవాళ్లు, అర్జీలు పట్టుకున్నవాళ్లు. తెల్లారుజాము నుంచి నిలబడ్డ కానిస్టేబుళ్లు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి ఒక కర్రకి గుడ్డ గొట్టం. ఎంత దూరం కనపడుతోందో కొలిచే మనిషి మాత్రం అక్కడ ఉండడు. ఇంత హంగామా మధ్య పెద్దాయన ఎక్కి కూర్చున్నాక, అద్దె హెలికాప్టరు నడిపే పైలట్ వెనక్కి తిరిగి "ఓ గంట ఆగుదామండి" అనాలి. ఎవరూ గదమాయించక్కర్లేదు. ఆ ఏర్పాటే గదమాయిస్తుంది.

ఇది నా ఊహ కాదు. 2020 జనవరి 26న అమెరికాలో, లాస్ ఏంజెలిస్ దగ్గర కొండల్లో, బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన కూతురు ఎక్కిన హెలికాప్టరు మబ్బులో చిక్కి పడిపోయింది. తొమ్మిది మంది పోయారు. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు ఏడాది తర్వాత తేల్చిందేమిటంటే, పైలట్ కళ్లతో చూస్తూ నడపాల్సిన ప్రయాణాన్ని మబ్బులోకి కొనసాగించాడు, పైకీ కిందికీ తేడా తెలియకుండా పోయింది. అలా కొనసాగించడం వెనక, తనకు తాను పెట్టుకున్న ఒత్తిడి ఉండి ఉంటుందని రాశారు. ఒకరు పెట్టింది కాదు, తనకు తాను పెట్టుకున్నది. అలాంటి ఒత్తిడిని "ఆఖరి అధికారం నీదే" అన్న వాక్యం ఎలా ఆపుతుంది?

లాయరు: ఆ నివేదికే నాకూ కావాలండి. కంపెనీ గానీ, ప్రయాణికుడు గానీ పైలట్‌ని తొందరపెట్టినట్టు ఆధారమే లేదని అందులోనే ఉంది. మన ఊళ్లల్లో మాత్రం ఏ నాయకుడు పోయినా, ఆయనే తొందరపెట్టి ఉంటాడన్న మాట నిమిషంలో పుడుతుంది. ఆ రోజు ఆ ముగ్గురి మధ్యా ఏ మాట జరిగిందో చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. కాబట్టి ఎవరి మీదా వేయకూడదు, బాలయోగి గారి మీద అసలు వేయకూడదు. ఎదురులంకలో పుట్టి, కాకినాడ కోర్టుల్లో నల్లకోటు వేసుకుని, తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్మనై, 1998లో లోక్‌సభ స్పీకరైన మనిషి. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 1999 ఏప్రిల్ 17 గుర్తుందా? వాజపేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం. ఒరిస్సా ముఖ్యమంత్రిగా వెళ్లిపోయిన గిరిధర్ గమాంగ్ ఇంకా ఎంపీ పదవి వదల్లేదు, ఓటేయొచ్చా అన్నది ప్రశ్న. స్పీకరు ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ప్రభుత్వం ఒక్క ఓటుతో పడింది, 269కి 270. ఎదుటివాడి నిర్ణయం ఎదుటివాడే తీసుకోవాలని దేశమంతా చూస్తుండగా నిలబడ్డ మనిషి, పైలట్ భుజం తట్టి పోనిమ్మన్నారని అనుకోమంటారా?

మాస్టారు: అనుకోమనట్లేదు. మా కోనసీమవాళ్లం ఎవరం ఆ మాట అనం. కానీ లాయరు గారూ, మీరు తెచ్చిన ఉదాహరణే చూడండి. ఆ రోజు సభలో స్పష్టమైన నియమం లేక విచక్షణకు వదిలారు. గమాంగ్ ఓటు న్యాయమా కాదా అన్న వాదన పాతికేళ్లు దాటినా తెగలేదు. గీత గీసి ఉన్నచోట ఆ బరువు ఒక్క మనిషి మీద పడదు. పైలట్ విషయంలోనూ నేను కోరేది అదే. "నాకు భయంగా ఉంది, ఆగుదాం" అనడం ఏ పైలట్‌కైనా కష్టం. "నియమం ఒప్పుకోదండి" అనడం తేలిక. ఆ మాట ఆయన నోటికి ఇవ్వాలి. ఆయన అధికారం తీసేయమనట్లేదు, దానికి ఆసరా ఇమ్మంటున్నా.

లాయరు: ఇది ఒప్పుకుంటా. నియమాన్ని ఆసరాగా చూడటం నాకు తట్టలేదు. అయితే అసలు నియమాలంటే జనం అడిగేవి వేరు. బాలయోగి గారిది బెల్ 206, ఒకే ఇంజను, ఒకే పైలట్. రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు ఉంటే బతికేవారని అప్పట్లో అందరూ అన్నారు. ఏడేళ్లు తిరిగాయి. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లా రచ్చబండ కార్యక్రమానికి బయల్దేరిన బెల్ 430కి రెండు ఇంజన్లూ ఉన్నాయి, ఇద్దరు పైలట్లూ ఉన్నారు. నల్లమలలో పావురాలగుట్ట మీద పడింది, ఐదుగురు పోయారు, ఆచూకీ దొరకడానికి మర్నాటి దాకా పట్టింది. మరి ఏ నియమం ఆపింది?

మాస్టారు: ఏదీ ఆపలేదు. అందులో నేను చెప్పగలిగింది తక్కువే. ఆ విచారణ నివేదిక చదివితే గుండె తరుక్కుపోతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ గురించి హెచ్చరిక వస్తే, ఏం చేయాలో మాన్యువల్‌లో వెతుకుతూ ఇద్దరు పైలట్లూ ఆరు నిమిషాలకు పైగా గడిపారు. అంతసేపూ హెలికాప్టరు వానమబ్బుల్లోకి పోతూనే ఉంది. రెండో పైలట్ ఉండేది ఎందుకండీ? ఒకరు పుస్తకంలో తల పెడితే ఇంకొకరు బయటికి చూస్తూ, వెనక్కి తిప్పేద్దాం అనడానికి. యంత్రం ఎంత పెద్దదైనా ఆ మాట అనే నోరు కావాలి. ఇంకా వెనక్కి వెళ్తే, బాలయోగి గారు పోవడానికి అయిదు నెలల ముందే, 2001 సెప్టెంబరు 30న, మాధవరావు సింధియా కాన్పూర్ సభకి పోతూ మైన్‌పురి దగ్గర చిన్న విమానంలో పోయారు. అప్పుడూ వాతావరణం బాగాలేదు. ఆయన ఒకప్పుడు పౌర విమానయాన మంత్రి! అది జరిగాకైనా, సభలకూ పర్యటనలకూ వెళ్లే ప్రతి చిన్న విమానాన్నీ హెలికాప్టరునీ ఆపి చూసుకునే పద్ధతి వచ్చి ఉంటే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

లాయరు: మీరు పదేపదే ఆగమంటున్నారు. ఆగితే ఏం పోతుందో కూడా చెప్పుకుందాం. అమలాపురం నుంచి హైదరాబాదుకి ఇవాళ్టికీ రాత్రంతా బస్సే. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం ఆయన స్పీకరుగా ఉన్న రోజుల్లో మంజూరైంది, అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. ఆయన పేరు పెట్టిన యానాం-ఎదురులంక వంతెన వచ్చేదాకా ఆయన సొంత ఊరివాళ్లు కాకినాడ వెళ్లాలన్నా పంటు ఎక్కాల్సిందే. ఇలాంటి సీమ నుంచి ఢిల్లీలో అంత ఎత్తుకెళ్లిన మనిషి, వారాంతానికి ఇక్కడికొచ్చి మన పెళ్లిళ్లకీ చావులకీ నిలబడి, సోమవారానికి సభ నడపాలి. అదీ ఏ సోమవారం? ఫిబ్రవరి 28న బడ్జెట్ పెట్టారు. గోధ్రా రైలు దహనం జరిగి అయిదు రోజులు కాలేదు, గుజరాత్ తగలబడుతోంది. ఆ సభలో స్పీకరు లేకపోతే ఎలా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ తొందరని ఆడంబరం అనలేం మాస్టారూ. దూరపు ఊళ్ల నుంచి వచ్చిన ప్రతినిధికి హెలికాప్టరు దొరకదంటే, ఆయన ఢిల్లీలోనే ఉండిపోతాడు. మనం నష్టపోతాం.

మాస్టారు: ఈ మాటకి నా దగ్గర సులువైన జవాబు లేదు. ఆయన రావాలనే మేమూ కోరుకున్నాం. వచ్చినప్పుడల్లా చుట్టూ మూగాం, ఆలస్యం చేశాం, ఇంకో ఊరు రమ్మని లాగాం. ఆ తొందరలో మా వాటా కూడా ఉందని నాకు తెలుసు. కానీ మార్చి మంచు ఎంతసేపుంటుందండీ? తొమ్మిదికో తొమ్మిదిన్నరకో విడిపోతుంది. లేదంటే గన్నవరం దాకా కారులో రెండు మూడు గంటలు, అక్కడ రన్‌వే ఉంది, వాతావరణం చెప్పేవాళ్లున్నారు. పోయేది ఒక పూట. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక పరీక్ష పెట్టారు. పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని, బయట ఏమీ కనపడని పరిస్థితిలో నడపమన్నారు. అందరూ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు. మన పైలట్ వాళ్లలాంటివాడని అనను, అనుభవం ఉన్నవారే. కానీ పూట ఆగడానికీ ఆ మూడు నిమిషాలకీ పొత్తు కుదరదు.

లాయరు: సరే. మీరు గీత గీయమంటున్నారు, ఆ గీత కొలిచేదెలా? విమానాశ్రయంలో పరికరాలుంటాయి. రాజమండ్రి నుంచి సముద్రంలో రిగ్గుల దగ్గరికి పోయే హెలికాప్టర్లకి రెండు చివర్లా కబురు చెప్పేవాళ్లుంటారు. ముమ్మిడివరం కాలేజీ గ్రౌండులో ఎవరున్నారు?

మాస్టారు: పరికరం అక్కర్లేదండి. వాతావరణ కేంద్రాల్లో మనుషులు చూపు దూరాన్ని కొలిచే పాత పద్ధతి ఉంది. తెలిసిన దూరంలో తెలిసిన గుర్తులు పెట్టుకుంటారు. వాటర్ ట్యాంకు, గుడి గోపురం, సెల్ టవరు. ఇక్కణ్ణుంచి ఏది ఎంత దూరమో ముందే రాసి పెట్టుకుంటారు. ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉన్న ట్యాంకు కనపడట్లేదా? అయితే హెలికాప్టరు లేవదు. హెలిప్యాడ్ తయారుచేసే రోజునే ఆ పట్టిక తయారుచేయొచ్చు. దారిలో రెండు మూడు పోలీసు స్టేషన్లు ఉంటాయి కదా, వాళ్ల చేత కూడా అదే చూపించి ఫోన్లో చెప్పించొచ్చు. భీమవరంలో బాగుండి కైకలూరులో బాగాలేకపోతే ముందే తెలుస్తుంది. మీరు మొదట అన్నారే, కాస్త దూరం పోయాక మంచు అడ్డుపడి ఉండొచ్చని, దానికి నా జవాబు ఇదే.

లాయరు: పట్టిక బాగుంది. ఎస్సై గారి ఫోను ఇంకా బాగుంది. దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఆ కాగితం పైలట్ చేతికి ఇవ్వండి, చూసుకుని ఆయనే తేల్చుకుంటారు. గీత కింద ఉంటే లేవనే లేవకూడదంటే మాత్రం నేను ఒప్పుకోను. 2022 జులైలో గోదారి వరద వచ్చినప్పుడు మన లంకలన్నీ నీళ్లలో ఉన్నాయి. అలాంటప్పుడు మబ్బులు కిందికే ఉంటాయి, వాన పడుతూనే ఉంటుంది, మీ వాటర్ ట్యాంకు కనపడదు. లంకలో నెలలు నిండిన మనిషి ఉంటే గీత చూపించి ఆపేస్తారా?

మాస్టారు: ఆపను. అది వేరు. అక్కడ ఒక ప్రాణానికి ఇంకో ప్రాణం పణంగా పెడుతున్నారు. పైలట్ ఒప్పుకుంటే వెళ్లాలి. ఇక్కడ ప్రాణం పణంగా పెట్టింది ఒక పూట కోసం.

లాయరు: అయితే గీత దాటే అధికారం చివరికి పైలట్‌కే ఇచ్చారు.

మాస్టారు: ఇంకొకరి ప్రాణం కాపాడటానికి ఇచ్చాను. టైముకి చేరడానికి ఇవ్వలేదు.

లాయరు: ఏ ప్రయాణం దేనికోసమో కాగితం మీద రాసేది ఎవరు? ముఖ్యమంత్రి వరద ప్రాంతానికి ఏరియల్ సర్వేకి బయల్దేరతారు. అది సహాయమా, పర్యటనా?

మాస్టారు: సర్వే ఆగొచ్చు. పొట్లాలు వేసే హెలికాప్టరు ఆగకూడదు.

లాయరు: పైనుంచి చూసినవాళ్లు చెప్తేనే కదా మాస్టారూ, పొట్లాలు ఏ లంకలో వేయాలో తెలిసేది.